యూనివర్సిటీ ఆఫీసుల్లో షేర్డ్ మెయిల్‌బాక్స్: పెట్టడం నుంచి మూసేయడం దాకా

పరీక్షల విభాగానికి ఒక జీమెయిల్ ఐడీ ఉంటుంది. దాని పాస్‌వర్డ్ సూపరింటెండెంట్‌కు, ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లకు, ఒక అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్‌కు తెలుసు. ఓటీపీ మాత్రం ఒక్కరి ఫోన్‌కే వెళ్తుంది. ఆయన సెలవులో ఉన్న రోజు కొత్త కంప్యూటర్‌లో లాగిన్ కావాలంటే ఆయనకు ఫోన్ చేసి ఆరంకెలు అడగాలి. ఆయన వేరే సెక్షన్‌కు బదిలీ అయినా ఆ నంబర్ మారదు. మన యూనివర్సిటీల్లోనూ, వాటి అనుబంధ కాలేజీల్లోనూ చాలాచోట్ల ఇదే ఏర్పాటు.

దీని బాధ ఎక్కువగా పడేది బయటివాళ్లు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి ట్రాన్స్‌క్రిప్ట్ కోసం మెయిల్ పెడతాడు. ఒకరు తెరిచి చూసి, తర్వాత చెబుదాంలే అని వదిలేస్తారు. రెండో వ్యక్తి అది చదివిన మెయిల్‌గా కనిపించేసరికి ఎవరో చూసుకున్నారనుకుంటారు. పది రోజుల తర్వాత ఇద్దరూ చెరో జవాబు పంపుతారు, ఫీజు మొత్తం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. ఎవరు ఏది పంపారని రిజిస్ట్రార్ అడిగితే చెప్పే దారి లేదు, ఎందుకంటే లాగిన్ ఒక్కటే.

షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో ఎవరి యూనివర్సిటీ లాగిన్‌తో వాళ్లు లోపలికి వెళ్తారు. ఎవరి ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వస్తుంది. సొంత ఇన్‌బాక్స్ పక్కనే విభాగం ఇన్‌బాక్స్ కూడా కనిపిస్తుంది, జవాబు విభాగం పేరుతో వెళ్తుంది. ఎవరైనా బదిలీ అయితే సభ్యుల్లోంచి వారి పేరు తీసేస్తే సరిపోతుంది. కంప్యూటర్‌లో ఇది పెట్టడం పావుగంట పని. దానికి ముందూ తర్వాతా ఉన్న పనే ఎక్కువ, చాలాచోట్ల చెడేది కూడా అక్కడే.

ముందు కాగితం మీద తేల్చుకోండి

ఐటీ సెల్‌కు "మా సెక్షన్‌కు ఒక మెయిల్ ఐడీ కావాలి" అని లెటర్ వస్తుంది. వెంటనే క్రియేట్ చేసి ఇచ్చేయకండి. ఒక పేజీ ఫారం పెట్టి నాలుగు సంగతులు రాయించుకోండి: దీనికి ఎవరు మెయిల్స్ పంపుతారు, రోజూ ఎవరు తెరుస్తారు, ఆ వ్యక్తి లేనప్పుడు ఎవరు చూస్తారు, జవాబు ఎన్ని రోజుల్లో వెళ్లాలి. రెండో, మూడో ప్రశ్నలకు పేర్లు రాయలేని సెక్షన్‌కు మెయిల్‌బాక్స్ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. వెబ్‌సైట్‌లో మరో పనిచేయని అడ్రస్ చేరుతుంది, అంతే.

బాధ్యుడిగా రెగ్యులర్ ఉద్యోగినే పెట్టాలి, సూపరింటెండెంట్ లేదా అసిస్టెంట్ రిజిస్ట్రార్ స్థాయి అయితే మంచిది. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది, రీసెర్చ్ స్కాలర్లు సభ్యులుగా ఉండవచ్చు, బాధ్యులుగా మాత్రం వద్దు. గౌరవం కోసం రిజిస్ట్రార్ పేరు బాధ్యుడిగా రాయడం కూడా మానుకోండి. ఆయన ఆ ఇన్‌బాక్స్ తెరవరని అందరికీ తెలుసు.

పేరు పనిని బట్టి ఉండాలి. ఎగ్జామ్స్, అడ్మిషన్స్, ట్రాన్స్‌క్రిప్ట్స్, హాస్టల్స్ లాంటివి పదేళ్ల తర్వాత కూడా చెల్లుతాయి. మనిషి పేరు, విద్యా సంవత్సరం, బిల్డింగ్ పేరు ఉంటే రెండేళ్లకే మార్చాల్సి వస్తుంది. డొమైన్ యూనివర్సిటీదే కావాలి. మన దేశంలో ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ డొమైన్లను ఈఆర్‌నెట్ ఇండియా ఇస్తుంది. వెబ్‌సైట్‌కు ఆ డొమైన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మెయిల్‌కూ దాన్నే వాడాలి. డిగ్రీ నిజమైనదేనా అని విదేశీ సంస్థ అడిగినప్పుడు ఉచిత జీమెయిల్ నుంచి జవాబు వెళ్తే వాళ్లకు అనుమానం రావడంలో వింత లేదు.

ఎన్ని పెట్టాలన్నది పని చేసే మనుషులను బట్టి తేల్చండి. హాల్ టికెట్లు, పరీక్ష ఫీజు సందేహాలు చూసేది ఆ ఇద్దరే అయితే ఒక మెయిల్‌బాక్స్, లోపల రెండు ఫోల్డర్లు చాలు. ట్రాన్స్‌క్రిప్ట్స్‌కు మాత్రం విడిగా ఉండటమే మేలు. వాటిలో పాస్‌పోర్ట్ కాపీలు, విదేశాల్లో డిగ్రీలను మదింపు చేసే ఎవాల్యుయేషన్ సంస్థల రిఫరెన్స్ నంబర్లు ఉంటాయి, ఒక్కో కేసు వారాల తరబడి నడుస్తుంది.

కొన్నిటికి గడువును నిబంధనలే పెట్టాయి. విద్యార్థుల ఫిర్యాదులపై యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మామూలుగా 30 రోజులు. ఇలాంటి మెయిల్‌బాక్స్ అయితే ఆ గడువు ఫారం మీదే ఉండాలి.

షేర్డ్ మెయిల్‌బాక్సా, గ్రూపా?

బయటికి సమాచారం పంపడం తప్ప జవాబులు చూసే పని లేకపోతే డిస్ట్రిబ్యూషన్ లిస్ట్ చాలు. అందులో మెయిల్ ప్రతి ఒక్కరి సొంత ఇన్‌బాక్స్‌కు కాపీగా వెళ్తుంది, ఎవరు జవాబిచ్చారో మిగతావాళ్లకు తెలియదు. బయటివాళ్లు అడుగుతారు, లోపల ఇద్దరు ముగ్గురు పంచుకుని జవాబిస్తారు అంటే షేర్డ్ మెయిల్‌బాక్స్ కావాలి. ఒక కమిటీ ఫైళ్లు, క్యాలెండర్, చర్చ అన్నీ ఒకేచోట ఉంచుకోవాలంటే మైక్రోసాఫ్ట్ 365 గ్రూప్ లేదా టీమ్స్ నయం.

మైక్రోసాఫ్ట్ 365లో అయితే

ఇక్కడ షేర్డ్ మెయిల్‌బాక్స్ అనేది విడిగా ఒక రకం. 50 జీబీ దాకా లైసెన్స్ అవసరం లేదు. దాన్ని వాడే ప్రతి ఉద్యోగికి మాత్రం సొంత లైసెన్స్ ఉండాలి. బయటి సంస్థ వాళ్లను సభ్యులుగా చేర్చలేం.

1. ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వీసు) అడ్మిన్ హక్కులున్న లాగిన్‌తో మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్ తెరవండి. టీమ్స్ అండ్ గ్రూప్స్ కింద షేర్డ్ మెయిల్‌బాక్సెస్‌కు వెళ్లండి.

2. యాడ్ ఎ షేర్డ్ మెయిల్‌బాక్స్ నొక్కి పేరు, అడ్రస్ ఇవ్వండి. ఇక్కడ ఇచ్చే పేరే మెయిల్ అందుకున్న వాళ్లకు కనిపిస్తుంది, కాబట్టి "ఎగ్జామ్స్" అని ఊరుకోకుండా యూనివర్సిటీ పేరు కూడా కలపండి. విద్యార్థి ఇన్‌బాక్స్‌లో పది ఎంట్రన్స్ పరీక్షల మెయిల్స్ మధ్య మీది గుర్తుపట్టేలా ఉండాలి.

3. సభ్యులను చేర్చండి. ఈ స్క్రీన్ నుంచి చేర్చినవాళ్లకు మెయిల్‌బాక్స్‌ను పూర్తిగా చూసే హక్కు, దాని పేరుతో పంపే సెండ్ యాజ్ హక్కు రెండూ వస్తాయి. ఎవరైనా చూస్తే చాలు, పంపకూడదు అనుకుంటే తర్వాత పర్మిషన్లలోకి వెళ్లి సెండ్ యాజ్ తీసేయండి. సెండ్ ఆన్ బిహాఫ్ అని మూడోది ఉంది. దాంతో పంపితే "ఫలానా వ్యక్తి, ఎగ్జామ్స్ తరఫున" అని కనిపిస్తుంది. విద్యార్థులతో వ్యవహారానికి అది వాడకండి. పేరు చూసిన విద్యార్థి తర్వాతి మెయిల్ నేరుగా ఆ క్లర్క్‌కే పెడతాడు.

4. సెంట్ ఐటమ్స్ సెట్టింగ్ తెరిచి, రెండు ఆప్షన్లూ ఆన్ చేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆన్ చేయకపోతే పంపిన జవాబు, పంపిన ఉద్యోగి సొంత సెంట్ ఐటమ్స్‌లో మాత్రమే ఉంటుంది. పక్క సీటులో ఉన్నవాళ్లకు జవాబు వెళ్లిందో లేదో తెలియదు, రెండోసారి పంపేస్తారు. సెక్షన్‌లో జరిగే గొడవల్లో సగం ఈ ఒక్క టిక్కుతో పోతాయి.

5. యాక్టివ్ యూజర్స్‌లో ఈ మెయిల్‌బాక్స్ పేరు వెతికి, సైన్ ఇన్ బ్లాక్ అయి ఉందో లేదో చూడండి. షేర్డ్ మెయిల్‌బాక్స్ వెనక ఒక యూజర్ అకౌంట్ ఉంటుంది. దానికి పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఎవరికైనా ఇచ్చేస్తే మళ్లీ పాత జీమెయిల్ కథే. "పాస్‌వర్డ్ ఇవ్వండి సార్, ఈజీగా ఉంటుంది" అని అడుగుతారు. ఇవ్వకండి.

6. సభ్యులను అవుట్‌లుక్ మూసి మళ్లీ తెరవమనండి. పాత అవుట్‌లుక్ డెస్క్‌టాప్‌లో కొంతసేపటికి మెయిల్‌బాక్స్ దానంతటదే ఎడమవైపు వస్తుంది. సభ్యులను ఒక్కొక్కరిగా కాకుండా సెక్యూరిటీ గ్రూప్ ద్వారా చేర్చి ఉంటే అలా రాదు, వాళ్లే జోడించుకోవాలి. బ్రౌజర్‌లో అయితే ఫోల్డర్స్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ షేర్డ్ ఫోల్డర్ ఆర్ మెయిల్‌బాక్స్ ఎంచుకోవాలి. ఫోన్‌లో అవుట్‌లుక్ యాప్‌లో యాడ్ షేర్డ్ మెయిల్‌బాక్స్ ఉంటుంది.

7. బయటి జీమెయిల్ నుంచి ఒక మెయిల్ పంపి, ప్రతి సభ్యుడి చేతా జవాబు ఇప్పించి చూడండి. వెబ్‌సైట్‌లో అడ్రస్ పెట్టేది ఆ తర్వాతే.

ఒకేసారి 25 మందికి మించి వాడవద్దని మైక్రోసాఫ్ట్ సలహా. సెక్షన్‌లో అంతమంది ఉండరు కానీ, "అన్ని డిపార్ట్‌మెంట్ల హెడ్‌లకూ యాక్సెస్ ఇవ్వండి" అని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు ఈ సంఖ్య చూపించవచ్చు. ఇంకో పరిమితి ఉంది: పూర్తి హక్కులున్న సభ్యుడు మెయిల్ డిలీట్ చేయకుండా ఆపలేం. డిలీటెడ్ ఐటమ్స్‌ నుంచి కూడా పోయినవి మామూలుగా 14 రోజుల దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు, అడ్మిన్ దాన్ని 30 రోజులకు పెంచవచ్చు. పెంచేయండి. సెమిస్టర్ సెలవుల్లో రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి.

గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే

గూగుల్‌లో ఆ పేరుతో వస్తువు లేదు, రెండు దారులున్నాయి. మొదటిది డెలిగేషన్. ఎగ్జామ్స్ పేరుతో మామూలు యూజర్ అకౌంట్ తెరిచి, అడ్మిన్ కన్సోల్‌లో జీమెయిల్ యూజర్ సెట్టింగ్స్ కింద మెయిల్ డెలిగేషన్‌ను అనుమతించాలి. తర్వాత ఆ అకౌంట్ సెట్టింగ్స్‌లోంచి సిబ్బందికి యాక్సెస్ ఇవ్వాలి. వాళ్లు తమ లాగిన్ నుంచే ఆ ఇన్‌బాక్స్‌లోకి వెళ్తారు, దాని పాస్‌వర్డ్ మార్చలేరు. పంపిన మెయిల్‌లో పంపినవారి పేరు కనిపించాలా వద్దా అన్నది అడ్మిన్ నిర్ణయించవచ్చు. ఈ అకౌంట్ పాస్‌వర్డ్, రెండో దశ ధ్రువీకరణ ఐటీ సెల్ దగ్గరే ఉండాలి. సెక్షన్ చేతికి వెళ్తే డెలిగేషన్‌కు అర్థం లేదు.

రెండోది గూగుల్ గ్రూప్స్‌లోని కొలాబరేటివ్ ఇన్‌బాక్స్. ఫిర్యాదులు, అడ్మిషన్ సందేహాలు వెల్లువలా వచ్చే చోట నా ఓటు దీనికే. ఒక్కో మెయిల్‌ను ఒక్కొక్కరికి కేటాయించవచ్చు, పూర్తయిందని గుర్తు పెట్టవచ్చు. పెట్టేటప్పుడు రెండు సెట్టింగులు జాగ్రత్తగా చూడాలి. పోస్ట్ చేసే హక్కు బయటివాళ్లకూ ఇవ్వకపోతే విద్యార్థి సొంత జీమెయిల్ నుంచి పంపింది వెనక్కి తిరిగొస్తుంది. సంభాషణలు చూసే హక్కు గ్రూప్ సభ్యులకే పరిమితం చేయకపోతే యూనివర్సిటీ అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరూ అవి చదవగలిగే ప్రమాదం ఉంది. రెండూ ఒకే పేజీలో ఉంటాయి. ఒకటి తెరవాలి, ఇంకొకటి మూయాలి.

రోజువారీ పని: ఎవరు ఏది చూస్తారు

షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో "చదవనిది" అనే గుర్తును నమ్ముకోకూడదు. ఒకరు తెరిస్తే అందరికీ అది చదివినట్టే కనిపిస్తుంది. పని మిగిలి ఉందా లేదా అన్నదానికి వేరే గుర్తు కావాలి.

అవుట్‌లుక్‌లో కేటగిరీలు దీనికి బాగా పనికొస్తాయి. ప్రతి ఉద్యోగి పేరుతో ఒక కేటగిరీ, "వేరే సెక్షన్ జవాబు కోసం ఆగింది" అని ఇంకొకటి పెట్టండి. ఉదయం ఒక్కరే మొత్తం మెయిల్స్ చూసి కేటగిరీలు పెట్టాలి. పాత తపాలా పద్ధతిలో ఇన్‌వార్డ్ గుమాస్తా నంబర్ వేసి ఏ సీటుకు ఏ ఉత్తరమో పంచినట్టే ఇది. వారానికొకరు చొప్పున ఆ పని మార్చుకోవచ్చు. జవాబు వెళ్లాక మెయిల్‌ను "పూర్తయినవి" ఫోల్డర్‌కు పంపేయాలి. అప్పుడు ఇన్‌బాక్స్‌లో మిగిలినదంతా చేయాల్సిన పనే. సాయంత్రం సూపరింటెండెంట్ గారు తెరిచి చూస్తే, ఎవరినీ అడగకుండానే పరిస్థితి అర్థమవుతుంది.

జవాబులన్నీ విభాగం అడ్రస్ నుంచే వెళ్లాలి. కొత్త మెయిల్ రాసేటప్పుడు ఫ్రమ్ గడిలో సొంత అడ్రస్ ఉండిపోతుంటుంది, కాబట్టి మొదటి వారం దాన్ని చూసుకుని పంపమని పదేపదే చెప్పాలి. సంతకంలో విభాగం పేరు, పని వేళలు, చివర్లో జవాబిచ్చిన వారి పొట్టి అక్షరాలు ఉంటే చాలు. బయటివాళ్లకు అవి అడ్డు కావు, లోపల ఎవరు రాశారో తెలుస్తుంది.

ఆటోమేటిక్ రిప్లై గురించి ఒక మాట. అవుట్‌లుక్‌లో సెలవు సందేశంలా పెట్టే ఆటో రిప్లై, ఆన్‌లో ఉన్నంతకాలం ఒక్కో పంపినవారికి ఒక్కసారే వెళ్తుంది. జూన్‌లో మెయిల్ పెట్టిన విద్యార్థి ఆగస్టులో మళ్లీ పెడితే అతనికి ఏమీ రాదు. ప్రతి మెయిల్‌కూ అందినట్టు తెలపాలంటే సర్వర్ రూల్ పెట్టాలి. సందేశం ఇలా ఉండొచ్చు:

"మీ మెయిల్ పరీక్షల విభాగానికి అందింది. ట్రాన్స్‌క్రిప్ట్‌కు హాల్ టికెట్ నంబర్, అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, ఫీజు చెల్లించిన రసీదు జత చేయాలి. పంపి ఉండకపోతే ఈ మెయిల్‌కే రిప్లైగా పంపండి. పనిదినాల్లో ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5 గంటల మధ్య చూస్తాం. ఇదే విషయం మీద మళ్లీ కొత్త మెయిల్ పెట్టవద్దు."

చివరి వాక్యం కొంచెం కటువుగా అనిపించినా ఉంచండి. టెన్షన్‌లో ఉన్న విద్యార్థి ఒకే ప్రశ్నను నాలుగు అడ్రస్‌లకు పంపుతాడు, నలుగురూ నాలుగు జవాబులిస్తారు.

హాల్ టికెట్ నంబర్ చెప్పినంత మాత్రాన మార్కుల వివరాలు పంపేయకూడదు. ఆ నంబర్ క్లాసులో అందరికీ తెలుసు. రికార్డులో ఉన్న మెయిల్ నుంచే అడిగారా చూడండి, కాకపోతే రికార్డులోని మొబైల్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

కొన్ని మెయిల్‌బాక్సులు వేరుగా ఉండాలి

లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, యాంటీ ర్యాగింగ్ కమిటీకి వచ్చే మెయిల్స్ ఆఫీసు సిబ్బంది చేతుల మీదుగా వెళ్లకూడదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదుదారు వివరాలు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఇలాంటి చోట సభ్యులు కమిటీవారే, అదీ ఇద్దరు ముగ్గురే. "అటెండర్‌కు తెలుసు, ప్రింట్ తీసి ఇస్తాడు" అనే ఏర్పాటు అసలు పనికిరాదు. కమిటీ పదవీకాలం ముగిసిన రోజే పాత సభ్యుల యాక్సెస్ తీసేయాలి. ఐటీ సెల్‌లో అడ్మిన్ హక్కులున్నవాళ్లు తమకు తామే యాక్సెస్ ఇచ్చుకోగలరు కాబట్టి, ఈ మెయిల్‌బాక్సుల పర్మిషన్లు మారితే కమిటీ చైర్‌పర్సన్‌కు అలర్ట్ వెళ్లేలా పెట్టండి. ఐటీ వాళ్లకు కూడా ఇది రక్షణే.

ఫలితాల రోజు

రిజల్ట్స్ వచ్చిన రోజు వేల మందికి మెయిల్ కొట్టడానికి షేర్డ్ మెయిల్‌బాక్స్ వాడకండి. ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఒక మెయిల్‌బాక్స్ నుంచి రోజుకు 10,000 మంది గ్రహీతలు, నిమిషానికి 30 మెసేజ్‌లే పరిమితి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక యూజర్‌కు రోజుకు 2,000 మెసేజ్‌లు. దాటితే పంపడం ఆగిపోతుంది, ట్రాన్స్‌క్రిప్ట్ అడిగిన వాడికి జవాబు కూడా వెళ్లదు. పైగా రోజుకు 5,000కు పైగా జీమెయిల్ అడ్రస్‌లకు పంపే డొమైన్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని నిరూపించే సెట్టింగులు) మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. మాస్ మెయిల్‌కు విడిగా ఒక సర్వీసు, వీలైతే విడిగా సబ్‌డొమైన్ పెట్టుకోండి. జవాబులు మాత్రం ఎగ్జామ్స్ అడ్రస్‌కు వచ్చేలా రిప్లై టూ ఇవ్వండి.

ఎవరైనా మోసపోతే

వెబ్‌సైట్‌లో కనిపించే అడ్రస్ కాబట్టి వీసీ గారి పేరుతో గిఫ్ట్ కార్డులు అడిగే మెయిల్స్, ఇన్‌వాయిస్ పేరుతో వైరస్‌లు ముందు దీనికే వస్తాయి. ఎవరైనా నకిలీ లింక్‌లో తమ పాస్‌వర్డ్ ఇచ్చేశారని తెలిస్తే ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయించండి. తర్వాత షేర్డ్ మెయిల్‌బాక్స్ రూల్స్ తెరిచి చూడండి. లోపలికి వచ్చినవాళ్లు మెయిల్స్ బయటికి ఫార్వర్డ్ అయ్యేలా, లేదా జవాబులు ఏదో మూల ఫోల్డర్‌లోకి పోయేలా రూల్ పెట్టి ఉంటారు. పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే పని చేస్తూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనను గమనించిన 6 గంటల్లోపు వారికి తెలియజేయాలి, లాగ్స్ (సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందో చూపే రికార్డులు) 180 రోజులు ఉంచాలి.

బదిలీలు, రిటైర్మెంట్లు

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ బదిలీ ఆర్డర్ కాపీలు పంపే జాబితాలో ఐటీ సెల్‌ను చేర్పించండి. ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. అది కుదరనిచోట ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ, ప్రతి బాధ్యుడికీ సభ్యుల జాబితా పంపి "వీరంతా ఇంకా మీ దగ్గరే ఉన్నారా" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

రిటైరయ్యే అధికారి సొంత మెయిల్‌బాక్స్‌లో ఆఫీసు వ్యవహారాలు ఉంటే, మైక్రోసాఫ్ట్‌లో దాన్నే షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా మార్చవచ్చు. మార్చాక 50 జీబీ లోపు ఉంటే లైసెన్స్ తీసేయవచ్చు. యూజర్ అకౌంట్‌ను మాత్రం డిలీట్ చేయకూడదు, మెయిల్‌బాక్స్ దాన్ని ఆనుకునే ఉంటుంది. పొరపాటున డిలీట్ చేస్తే 30 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు.

మూసేయాల్సి వచ్చినప్పుడు

రెండు సెక్షన్లు కలిసిపోయినా, ఒక కోర్సు ఆగిపోయినా అడ్రస్‌ను తీసేయకండి. పాత మెయిల్స్‌ను కొత్త మెయిల్‌బాక్స్‌లో ఒక ఫోల్డర్‌కు తరలించి, పాత మెయిల్‌బాక్స్ తొలగించి, ఆ అడ్రస్‌ను కొత్తదానికి అలియాస్‌గా, అంటే రెండో అడ్రస్‌గా ఇవ్వండి. పాత మార్కుల మెమోల మీద, ప్రాస్పెక్టస్‌లలో అచ్చయిన అడ్రస్‌కు ఏళ్ల తర్వాత కూడా మెయిల్స్ వస్తాయి. ఆర్టీఐ, కోర్టు కేసులకు సంబంధించినవి ఉంటే తొలగించే ముందు లీగల్ సెల్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. లిటిగేషన్ హోల్డ్ (కేసు కోసం ఏ మెయిలూ శాశ్వతంగా చెరిగిపోకుండా ఆపి ఉంచడం) పెట్టాలంటే ఆ షేర్డ్ మెయిల్‌బాక్స్‌కు ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్లాన్ 2 లాంటి లైసెన్స్ ఇవ్వాల్సి ఉంటుంది, ఆ ఖర్చు కూడా ఫైల్‌లో చూపించండి.